బిడ్డ ఏడుపు ఎవరి కోసం ఆపుతున్నాం?

ఒక జుమా రోజు నారాయణపేటలో నమాజు ముగిసింది. జనం చెప్పులు వెతుక్కుంటూ బయటికి వెళుతున్నారు. ఒక పెద్దాయన మనవణ్ణి ఎత్తుకుని నా దగ్గరికి వచ్చారు. పిల్లవాడికి రెండున్నరేళ్లు. చూడడానికి పుష్టిగా, ముద్దుగా ఉన్నాడు. "హజ్రత్, వీడింకా మాట్లాడడం లేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి కూడా చూడడు. ఎవరిదో నజర్ తగిలినట్టుంది. కొంచెం దమ్ చేయండి" అన్నారు.

దువా చదివి పిల్లవాడి మీద ఊదాను. స్వస్థత ప్రసాదించేవాడు అల్లాహ్ ఒక్కడే. ఆ తర్వాత, "చాచా, వీడు రోజంతా ఏం చేస్తుంటాడు?" అని అడిగాను.

"ఏం చేస్తాడు హజ్రత్, పాపం ఎవరినీ సతాయించడు. ఫోను ఇస్తే చాలు, గంటల తరబడి కదలకుండా కూర్చుంటాడు. తినేటప్పుడూ అదే, పడుకునేటప్పుడూ అదే. ఫోను నడపడం మాకంటే వాడికే బాగా వచ్చు" అని కాస్త మురిపెంగానే చెప్పారు.

"ఎవరినీ సతాయించడు." ఆ మాట చాలా రోజులు నా మనసులో ఉండిపోయింది. ఈనాడు మన ఇళ్లలో బిడ్డకు దక్కే అతి పెద్ద ప్రశంస ఇదే కదా! రెండేళ్ల బిడ్డ ప్రశ్నలు వేయాలి, కొంగు పట్టి లాగాలి, గిన్నెలు పడేయాలి, ఎత్తుకోమని మారాం చేయాలి. ఆ బిడ్డ గంటల తరబడి కదలకుండా కూర్చుంటే మనం సంతోషిస్తున్నాం. ఇదే బిడ్డ ఫోను లేకుండా అలా కూర్చుంటే జ్వరం వచ్చిందేమోనని నుదురు పట్టి చూసేవాళ్లం.

"పిల్లలకు ఫోను ఇవ్వడం జాయిజేనా, నాజాయిజా?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. ఫోను ఒక వస్తువు. కత్తి ఎలాగో, నిప్పు ఎలాగో అదీ అంతే. అసలు అడగవలసిన ప్రశ్న వేరొకటి ఉంది. ఏడుస్తున్న బిడ్డ చేతిలో ఫోను పెట్టిన క్షణంలో మనం ఎవరి అవసరం తీరుస్తున్నాం? బిడ్డదా, మనదా? ఈ వ్యాసంలో ఆ ఒక్క ప్రశ్ననే నిదానంగా ఆలోచిద్దాం.

చెవి, కన్ను, హృదయం

దివ్య ఖుర్ఆన్ అన్ నహ్ల్ సూరా (16:78)లో అల్లాహ్ తన అనుగ్రహాలను గుర్తు చేశాడు. మనిషి తల్లి గర్భం నుండి ఏమీ తెలియని స్థితిలో వస్తాడనీ, అతనికి వినికిడిని, చూపును, హృదయాన్ని ఇచ్చింది తానేననీ, అతను కృతజ్ఞుడు కావాలనీ తెలియజేశాడు. బనీ ఇస్రాయీల్ సూరా (17:36)లో ఈ మూడింటి గురించీ ప్రశ్నించడం జరుగుతుందని హెచ్చరించాడు. పెద్దవాడు తన చెవికి, తన కంటికి తానే జవాబుదారీ. మరి పసిబిడ్డ చెవిలో ఏం పడుతోంది, కంటి ముందు ఏం కదులుతోంది అన్నదానికి జవాబు చెప్పవలసింది ఎవరు? ఆ బిడ్డ ఎవరి పోషణలో ఉన్నాడో వారే. ప్రతి ఒక్కరూ ఒక కాపరి అనీ, తన సంరక్షణలో ఉన్నవారి గురించి జవాబు చెప్పుకోవలసి ఉంటుందనీ దైవప్రవక్త (స) బోధించిన సంగతి మనకు తెలిసిందే.

ఏమీ తెలియకుండా వచ్చిన ఆ బిడ్డ ఎలా నేర్చుకుంటాడు? ముందు మనిషి ముఖం చూసి, ఆ తర్వాత మనిషి గొంతు విని. అమ్మీ నవ్వితే నవ్వుతాడు. తాను "ఊ" అంటే అమ్మీ "ఊ" అంటుందని తెలుసుకుంటాడు. మాట అంటే ఇచ్చిపుచ్చుకునేదని మాటలు రాకముందే బిడ్డకు అర్థమవుతుంది.

దీన్ని పరిశోధకులు కూడా పరీక్షించి చూశారు. అమెరికాలో పాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం చేసిన ఒక ప్రయోగం 2003లో వెలువడింది. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని తొమ్మిది నెలల పిల్లలకు చైనా వారి మాండరిన్ భాషను వినిపించారు. కొందరు పిల్లల ముందు ఆ భాష వచ్చిన మనుషులు స్వయంగా కూర్చుని బొమ్మలతో ఆడించారు, పుస్తకాలు చదివి వినిపించారు. మరికొందరికి అదే మనుషులను, అవే మాటలను, అంతే సేపు టీవీలో చూపించారు. మనుషులతో గడిపిన పిల్లలు పన్నెండు పూటల్లోనే ఆ భాషలోని ధ్వనుల తేడాలను పసిగట్టగలిగారు. టీవీ చూసిన పిల్లలకు ఏమీ రాలేదు. టీవీలోని మనిషి బిడ్డ చూపును గమనించి ఆగడు, బిడ్డ చెయ్యి చాపితే బొమ్మ ఇవ్వడు. మాటలు చెవిన పడ్డాయి గానీ, ఆ మాటలకు అవతల మనిషి లేడు.

తెర వల్ల కలిగే నష్టం అనగానే మనం అశ్లీలం గురించి, హింస గురించి మాట్లాడతాం. అవి పెద్ద పిల్లల విషయంలో నిజమైన ప్రమాదాలే. రెండేళ్ల బిడ్డ విషయంలో మొదటి నష్టం ఇంకా సాదాసీదాది. తెర ముందు గడిచిన ప్రతి గంటా ఒక మనిషి ముఖం ముందు గడవని గంట. ఆ గంటలో పలకవలసిన మాట పలకలేదు, పాకవలసిన నేల పాకలేదు, పోవలసిన నిద్ర పోలేదు.

మన ఊరి వీధి ఒక పాఠశాల

మన నారాయణపేట సంగతే చూడండి. 2019 ఫిబ్రవరి 17న జిల్లా అయింది గానీ, అంతకు ఎన్నో తరాల ముందు నుండీ ఇది నాలుగు భాషల ఊరు. ఇళ్లలో ఉర్దూ, బజారులో తెలుగు, సరిహద్దు దాటి వచ్చే యాద్‌గిర్, రాయచూరు వారితో కన్నడం, కొన్ని కుటుంబాలలో మరాఠీ. బడి ముఖం చూడని మన దాదీలు, నానీలు కూరగాయలు బేరమాడుతూ మూడు భాషలు నేర్చుకున్నారు. వారికి ఎవరూ పాఠం చెప్పలేదు. చంకన ఉన్నప్పటి నుండి వీధి వారి చెవిలో మాట్లాడుతూనే ఉంది.

ఇప్పుడు అదే ఊరిలో మూడేళ్ల పిల్లలు ఇంట్లో వినపడని భాష మాట్లాడుతున్నారు. అమ్మీ "నక్కో" అంటుంది, బిడ్డ కార్టూను హిందీలో జవాబిస్తాడు. ఇంటివాళ్లు నవ్వుకుంటారు, చుట్టాలకు చూపిస్తారు. హిందీ నేర్చుకుంటే తప్పేమీ లేదు. కానీ బిడ్డ తన తల్లి భాషను తల్లి దగ్గర నేర్చుకోకపోతే, రేపు తన బాధను తల్లికి ఏ భాషలో చెప్పుకుంటాడు? ఆ కార్టూను బొమ్మ అయితే వినదు కదా!

మగ్గం గురించి తెలిసిన ఊరు మనది. ఇక్కడి పట్టు నేతలో ఒకే పడుగు మీద ఎనిమిది చీరలు నేసే పద్ధతి ఉంది. పడుగు సరిచేసేటప్పుడు ఒక పోగు తప్పితే ఆ తప్పు మొదటి చీరతో ఆగిపోదు. జీవితంలో మొదటి ఐదేళ్లు అటువంటి పడుగు. అయితే ఒక తేడా ఉంది. దారానికి ప్రాణం లేదు. బిడ్డ మెదడుకు, మనసుకు కోలుకునే శక్తిని అల్లాహ్ ఇచ్చాడు. కాబట్టి ఆలస్యమైందని నిరాశ పడవలసిన పనిలేదు, ఇంకా సమయముందిలే అని ఊరుకోవడమూ తగదు.

ఫోను మన ఇంటికి ఎలా వచ్చింది?

న్యాయంగా మాట్లాడాలంటే ఇది కూడా చెప్పుకోవాలి. పిల్లల చేతికి ఫోను ఇచ్చిన తల్లిదండ్రులందరూ నిర్లక్ష్యంతో ఇవ్వలేదు. 2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో పాఠాలు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా టీవీలోకి, ఫోనులోకి వచ్చాయి. అప్పు చేసి ఫోను కొన్న కూలి కుటుంబాలు నాకు తెలుసు. బిడ్డ చదువు ఆగిపోకూడదన్నదే వారి తాపత్రయం. దేశమంతటా గ్రామీణ ప్రాంతాలలో సర్వే జరిపే అసర్ నివేదికల ప్రకారం, బడి పిల్లల ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఉన్నవి 2018లో 36 శాతం ఉంటే, 2022 నాటికి అవి దాదాపు 75 శాతం అయ్యాయి. పెద్దవాడి పాఠం కోసం వచ్చిన ఫోను చిన్నవాడి జోలపాట అయింది. బడులు తెరుచుకున్నాయి, ఫోను మాత్రం ఇంట్లో ఉండిపోయింది.

ఫోనులో మేలూ ఉంది. మన పాలమూరు ప్రాంతం నుండి ముంబై, పూణే, హైదరాబాదులకు, గల్ఫు దేశాలకు బతుకుదెరువు కోసం వెళ్లినవారు ఎందరో ఉన్నారు. ఆ తండ్రులు బిడ్డ ముఖం చూసేది వీడియో కాల్‌లోనే. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో ఏడాదిన్నర లోపు పిల్లలకు తెర వద్దని చెబుతూనే, వీడియో కాల్‌ను మినహాయించింది. అక్కడ అవతల మనిషి ఉన్నాడు. అబ్బా పిలుస్తాడు, బిడ్డ పలుకుతాడు. బిడ్డ నవ్వితే అబ్బా నవ్వుతాడు. తెర ఒకటే అయినా, మనిషిని కలిపే తెర వేరు, మనిషి స్థానాన్ని ఆక్రమించే తెర వేరు.

అవసరమా, అలవాటా?

ఫిఖ్‌హ్ శాస్త్రంలో ఒక సూత్రం ఉంది. అవసరం కారణంగా లభించిన సడలింపు ఆ అవసరం మేరకే వర్తిస్తుంది. అవసరం తీరగానే సడలింపు కూడా తీరిపోతుంది. ఈ కొలబద్దతో మన ఇంటిని చూసుకుందాం.

తల్లి ఇంట్లో ఒంటరిగా ఉంది. పొయ్యి మీద నూనె కాగుతోంది. బిడ్డ కాళ్లకు చుట్టుకుంటున్నాడు. పది నిమిషాలు ఫోను చూపించింది. ఇది అవసరం. జ్వరంతో ఉన్న బిడ్డను బస్సులో మహబూబ్‌నగర్ ఆసుపత్రికి తీసుకువెళుతూ కాసేపు చూపించారు. ఇదీ అవసరమే. ఆ తల్లిని నిందించే హక్కు ఎవరికీ లేదు. కానీ మనం దస్తర్‌ఖాన్ దగ్గర ప్రశాంతంగా తినడానికి, చుట్టాలతో కబుర్లు చెప్పుకోవడానికి, చివరికి మన ఫోను మనం చూసుకోవడానికి బిడ్డకు ఇంకో ఫోను ఇస్తున్నామంటే అది అవసరం కాదు, అలవాటు. మన ప్రశాంతత కోసం బిడ్డ సమయాన్ని ఖర్చు పెడుతున్నాం. ఆ సమయం మన సొత్తు కాదు. అది మన దగ్గర ఉంచబడిన అమానత్.

ఈ మాటలు రాస్తున్న నేనూ ఇందులో నిర్దోషిని కాను. ఆ మధ్య జుమా బయాన్ కోసం పిల్లల తర్బియత్ అనే అంశం మీద కితాబులు ముందేసుకుని కూర్చున్నాను. మా మూడేళ్ల పాప బొమ్మ పట్టుకుని వచ్చింది. "తర్వాత రా బేటీ" అన్నాను. రెండోసారి వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు ఫోను చేతిలో పెట్టాను. గంటన్నర సేపు పాప గొంతు వినపడలేదు. బయాన్ చక్కగా తయారైంది, విన్నవారు మెచ్చుకున్నారు. ఆ రాత్రి నా భార్య మెల్లగా ఒక్క మాట అడిగింది. "మీరు బయాన్‌లో చెప్పిన పిల్లలు ఎవరింటి పిల్లలు?" నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత దైవప్రవక్త (స) జీవితంలోని కొన్ని సంఘటనలు నాకు మరో విధంగా అర్థమయ్యాయి. వాటిని మదరసాలో చదివాను, పరీక్షల్లో రాశాను. కానీ ఇంట్లోకి తెచ్చుకోలేదు. ఆయన మనవరాలు ఉమామాను ఎత్తుకుని నమాజు చేయించారు; సజ్దాకు వెళ్లేటప్పుడు దించి, లేచేటప్పుడు మళ్లీ ఎత్తుకునేవారు (బుఖారీ, ముస్లిం). మరొకసారి మనవడు వీపు మీద ఎక్కితే, పిల్లవాడి ముచ్చట తీరేదాకా సజ్దాను పొడిగించారు (నసాయీ). వెనుక వరుసల్లో పసిబిడ్డ ఏడుపు వినబడితే, ఆ తల్లి మనసు తల్లడిల్లుతుందని నమాజును కుదించేవారు (బుఖారీ). బిడ్డ సతాయింపును ఆయన నోరు మూయించవలసిన ఇబ్బందిగా చూడలేదు. బిడ్డ కోసం నమాజు నిడివినే మార్చుకున్నారు. మనం బిడ్డ కోసం మన ఫోను చూసే సమయాన్నయినా మార్చుకోలేమా?

సహాబీలలో మహ్మూద్ బిన్ రబీ (రజి) అనే వారున్నారు. తనకు ఐదేళ్ల వయసులో దైవప్రవక్త (స) నోట్లోకి నీళ్లు తీసుకుని సరదాగా తన ముఖం మీద చిమ్మిన సంగతి ఆయన పెద్దయ్యాక కూడా గుర్తు పెట్టుకుని చెప్పారు (బుఖారీ). ఒక పెద్ద మనిషి తనతో ఆడిన ఒక్క నిమిషం ఆ బిడ్డకు జీవితాంతం మిగిలింది. మన పిల్లలకు మన గురించి ఏం మిగులుతుంది? వంచిన తల, వెలుగుతున్న ఫోను మిగలకూడదు కదా!

1970వ దశకంలో అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశారు. నెలల బిడ్డతో ఆడుతున్న తల్లిని, కొద్ది నిమిషాల పాటు ముఖంలో ఏ భావమూ లేకుండా, పలక్కుండా ఉండమన్నారు. బిడ్డ మొదట నవ్వి చూశాడు, చేతులు చాచాడు, కేకలు పెట్టాడు. తల్లి ముఖం కదలకపోయేసరికి చూపు తిప్పుకుని డీలా పడిపోయాడు. ఫోనులు లేని రోజుల్లో జరిగిన ప్రయోగం ఇది. కానీ ఫోనులో మునిగిన మన ముఖం బిడ్డకు ఎలా కనిపిస్తుందో ఊహించుకోవడానికి ఇది చాలు. బిడ్డ చేతిలోని ఫోను కంటే ముందు మన చేతిలోని ఫోను గురించి ఆలోచించాలి.

"మంచి వీడియోలే చూపిస్తున్నాం"

"మేము పాటలూ డాన్సులూ చూపించడం లేదు, దీనీ వీడియోలే చూపిస్తున్నాం" అని కొందరు అంటారు. ఉద్దేశం మంచిదే. మా మక్తబ్‌కు అసర్ తర్వాత వచ్చే పిల్లల్లో ఒక నాలుగేళ్ల పిల్లవాడు చేరాడు. మొదటి రోజే అలిఫ్ నుండి యే వరకు రాగం తీస్తూ గడగడా అప్పజెప్పాడు. అందరం మాషాఅల్లాహ్ అనుకున్నాం. ఖాయిదా తెరిచి "బే" మీద వేలు పెట్టి "ఇదేమిటి బేటా?" అని అడిగితే పలకలేదు. "జీమ్ ఎక్కడుంది?" అన్నా పలకలేదు. వాడికి పాట వచ్చింది, అక్షరం రాలేదు. అంతకంటే ముఖ్యం, ఎవరైనా అడిగితే జవాబు చెప్పాలన్నది వాడికి అలవాటు లేదు. తెర ఏనాడూ వాణ్ణి ప్రశ్న అడగలేదు, అడిగినా జవాబు కోసం ఆగలేదు. పక్కన కూర్చుని, వేలు పట్టుకుని నేర్పితే రెండు నెలల్లో అక్షరాలన్నీ గుర్తుపట్టాడు.

మూడు నాలుగేళ్లు దాటిన బిడ్డతో కలిసి కూర్చుని, ఆపి ఆపి మాట్లాడుతూ ఒక మంచి వీడియో చూస్తే ప్రయోజనం ఉండవచ్చు. కానీ అంతకంటే చిన్న బిడ్డకు దీనీ వీడియో అయినా, కార్టూను అయినా, తల్లిదండ్రుల స్థానంలో కూర్చున్నంతవరకు నష్టం ఒకటే. పుణ్యం పేరు పెట్టుకుని బాధ్యతను తప్పించుకోకూడదు.

మన పెద్దల ఆచారం ఒకటి గుర్తు చేస్తాను. బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండాక బిస్మిల్లా వేడుక జరిపి మొదటి అక్షరం పలికించేవారు. ఇది షరీఅత్ విధించినది కాదు, సున్నత్ కూడా కాదు. ఒక ఆచారం మాత్రమే. కానీ ఇందులో పెద్దల అనుభవం కనిపిస్తుంది. అక్షరం చేతికి ఇవ్వడానికే వారు నాలుగేళ్లు ఆగారు. ఆ నాలుగేళ్లూ బిడ్డ మట్టిలో ఆడుకున్నాడు, దాదీ ఒళ్లో కథలు విన్నాడు. మనం నాలుగు నెలలకే తెర చేతికిస్తున్నాం.

అబద్ధంతో ఆపవద్దు

ఇక ఫోను మాన్పించాలనుకున్నప్పుడు మనం చేసే పని చూడండి. "ఫోను పాడైపోయింది", "ఛార్జింగు లేదు", "బూచోడు ఎత్తుకుపోయాడు" అంటాం. ఐదు నిమిషాల తర్వాత అదే ఫోను మోగుతుంది, బిడ్డ ఎదుటే ఎత్తి మాట్లాడతాం. అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) చిన్నతనంలో ఆయన తల్లి ఏదో ఇస్తానని చెప్పి ఆయనను పిలిచింది. అక్కడే ఉన్న దైవప్రవక్త (స) ఏమివ్వాలనుకున్నావని అడిగారు. ఖర్జూరం ఇస్తానని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది ఆమె పేర ఒక అబద్ధంగా రాయబడి ఉండేదని ఆయన హెచ్చరించారు (అబూ దావూద్). బిడ్డతో చెప్పిన అబద్ధం కూడా అబద్ధమే. ఫోను వల్ల పోయిన గంట మళ్లీ రాబట్టుకోవచ్చునేమో గానీ, అమ్మీ అబ్బా నిజం చెబుతారన్న నమ్మకం పోతే దాన్ని తిరిగి తేవడం చాలా కష్టం.

"ఇప్పుడు ఫోను లేదు బేటా. ఏడుపొస్తే ఏడువు, నేను నీ దగ్గరే ఉన్నాను" అని చెప్పి నిజంగా దగ్గరే ఉండండి. మొదటి మూడు నాలుగు రోజులు కష్టంగా గడుస్తాయి. ఇంట్లో ఒకరు కాదన్నది ఇంకొకరు ఇవ్వకుండా ఉంటే బిడ్డ సర్దుకుంటాడు. బిడ్డ ఏడుపు ఎప్పుడూ ఆపవలసిన శబ్దమే కాదు. కొన్నిసార్లు వినవలసిన మాట.

ఏం చేయాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 ఏప్రిల్‌లో ఐదేళ్లలోపు పిల్లల కోసం సూచనలు వెలువరించింది. రెండేళ్లలోపు బిడ్డకు తెర అసలే వద్దు. రెండు నుండి నాలుగేళ్ల వరకు రోజుకు గంట మించరాదు, ఎంత తగ్గితే అంత మేలు. ఏడాది దాటిన బిడ్డ రోజుకు కనీసం మూడు గంటలు ఆడుతూ పాడుతూ కదలాలి. ఒకటి రెండేళ్ల బిడ్డకు పగటి నిద్రతో కలిపి 11 నుండి 14 గంటలు, మూడు నాలుగేళ్ల బిడ్డకు 10 నుండి 13 గంటల నిద్ర కావాలి. మన దేశంలోని పిల్లల వైద్యుల సంఘం కూడా రెండేళ్లలోపు తెర వద్దనీ, ఐదేళ్లలోపు పెద్దలు పక్కన ఉండి గంటకు మించకుండా చూడాలనీ సూచించింది.

ఇంట్లో ఆచరించడానికి ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు. రొట్టెలు చేసేటప్పుడు బిడ్డకు జొన్నపిండి ముద్ద ఒకటి ఇవ్వండి. మీరు రొట్టె తడుతుంటే వాడూ తడతాడు. ఖాళీ డబ్బాలు, గరిటెలు, ఉల్లిపాయల బుట్ట ముందుంచండి. బట్టలు మడతపెడుతూ ఇది అబ్బా చొక్కా, ఇది నీ గౌను అని చెబుతూ ఉండండి. మీరు చెప్పే మాటలే పాఠం. దస్తర్‌ఖాన్ దగ్గర, పడక మీద ఎవరి ఫోనూ ఉండకూడదని నియమం పెట్టుకోండి. ఆ నియమం ముందు అబ్బాకు, ఆ తర్వాత బిడ్డకు. దగ్గరలో అంగన్‌వాడీ ఉంటే మూడేళ్లు నిండిన పిల్లలను పంపండి. తోటి పిల్లలతో పోట్లాడి కలిసిపోవడం ఏ తెరా నేర్పలేదు.

ఇక్కడ మగవారితో ఒక మాట. బిడ్డ ఫోనుకు అలవాటు పడ్డాడనగానే "తల్లి ఏం చేస్తోంది?" అంటాం. ఆమె వంట చేస్తోంది, మిషను కుడుతోంది, అత్తమామలకు సేవ చేస్తోంది. "తండ్రి ఏం చేస్తున్నాడు?" అని కూడా అడగాలి. ఖుర్ఆన్‌లో బిడ్డకు ఆప్యాయంగా బోధించినట్లు మనం చదివే లుఖ్మాన్ ఒక తండ్రి. మగ్రిబ్ నుండి ఇషా వరకు హోటలు దగ్గర కాకుండా ఇంట్లో ఉంటే, ఆ ఒక్క గంట ఆ తల్లికి విశ్రాంతి, బిడ్డకు తండ్రి.

ఇంకొక జాగ్రత్త. మాటలు ఆలస్యమైన ప్రతి బిడ్డకూ కారణం ఫోనే అనుకోవద్దు. వినికిడి లోపం ఉండవచ్చు, వేరే కారణాలు ఉండవచ్చు. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి పలకకపోయినా వైద్యునికి చూపించాలి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ ఆసుపత్రుల్లో పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. దువా చేయించడం ఎంత మంచిదో, చికిత్స చేయించడమూ అంతే అవసరం. రెండూ అల్లాహ్ పట్ల నమ్మకంలో భాగమే.

చట్టం గుమ్మం బయటే

ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుండి పదహారేళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండరాదన్న చట్టం అమలులోకి వచ్చింది. ప్రభుత్వాలు కూడా కలవరపడుతున్నాయన్నమాట. కానీ రెండేళ్ల బిడ్డ చేతిలోని ఫోనును ఏ చట్టమూ తీసివేయలేదు. పోలీసు మన ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. లోపల మనల్ని చూసేది అల్లాహ్ ఒక్కడే. ఎవరూ చూడని చోట సరైన పని చేయడాన్నే తఖ్వా అంటారు.

ఆ పెద్దాయన మాట చెప్పి ముగిస్తాను. నా సలహాపై మనవణ్ణి ఆసుపత్రిలో చూపించారు. వినికిడి బాగానే ఉందన్నారు, తెర మాన్పించి ఎక్కువగా మాట్లాడించమన్నారు. ఇంట్లో ఫోను తగ్గించారు. పెద్దాయన ప్రతి సాయంత్రం పిల్లవాణ్ణి భుజాన వేసుకుని బజారులో తిప్పడం మొదలుపెట్టారు. కొన్ని నెలల తర్వాత మళ్లీ కనిపించారు. "ఇప్పుడెలా ఉన్నాడు చాచా?" అన్నాను. "కొన్ని మాటలే వచ్చాయి హజ్రత్. ఇంకా చాలా రావాలి. కానీ ఇప్పుడు బాగా సతాయిస్తున్నాడు" అన్నారు. ఆయన భుజం మీద నుండి పిల్లవాడు మేక వైపు వేలు చూపిస్తూ "దాదా, బక్రీ! దాదా, బక్రీ!" అని ఆయన చెవి పట్టుకుని లాగుతున్నాడు. తాత తల తిప్పి చూసేదాకా వదల్లేదు. ఇదంతా ఫోను తగ్గించినందువల్లే అని నేను చెప్పలేను. కానీ ఆ రోజు ఆ పిల్లవాడు పిలిచాడు, అవతల ఒక మనిషి పలికాడు.

అల్లాహ్ మన పిల్లల చెవులను, కళ్లను, హృదయాలను కాపాడుగాక! ఆయన మనకు అప్పగించిన ఈ అమానత్‌ను నిజాయితీగా నెరవేర్చే భాగ్యాన్ని, పసివారి సతాయింపును ఓర్పుతో, ప్రేమతో స్వీకరించే విశాల హృదయాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.